బారులో బాఖ్

టీవీ పాటల పోటీలో ఈ వారం కొత్త రౌండు ఒకటి పెట్టారు. పన్నెండేళ్లుంటాయేమో, ఒక పిల్ల పట్టుపరికిణీతో వచ్చి కీర్తన పల్లవి, అనుపల్లవి పాడింది. యాంకరు కుర్రాడు రెండు జోకులు వేసేలోగా తలకు రుమాలు చుట్టుకుని వచ్చి జానపదం అందుకుంది. మళ్లీ రెండు జోకులు. ఈసారి తోలు జాకెట్టు, నల్లకళ్లద్దాలు, ఇంగ్లిషు పాట. జడ్జీలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "ఆల్‌రౌండర్‌వి తల్లీ నువ్వు" అని ఒకాయన కళ్లు ఒత్తుకున్నాడు కూడా.

పిల్ల గొంతు బాగుంది. శ్రుతి ఎక్కడా తప్పలేదు. నా చిరాకు ఆ పిల్ల మీద కాదు. పాటకి ఒకటిన్నర నిమిషం చొప్పున ఇచ్చి, పాటకొక వేషం మార్పించి, సంగీతంలో విస్తృతి అంటే ఇదేనని ఇంటిల్లిపాదినీ నమ్మించే ఏర్పాటు మీద.

ఈ కాలమ్ చదివేవాళ్లకి నా చాదస్తాలు తెలుసు. కీబోర్డు మీది ట్రాన్స్‌పోజ్ బటన్‌ని ఎన్నిసార్లు తిట్టానో, తని ఆవర్తనం మొదలవగానే కాఫీకి లేచేవాళ్ల మీద ఎన్ని వారాలు ఖర్చుపెట్టానో లెక్క మీ దగ్గరే ఉంటుంది. వాటన్నిటికన్నా పాతది ఇంకోటి ఉంది: ముందు ఒక్కటి నేర్చుకో. సరళి, జంట, అలంకారాలు గొంతులో ఇంకాక, వర్ణం రెండు కాలాల్లో నిలబడ్డాక, అప్పుడు ఏ దేశపు పాటైనా పాడుకో. ఆ రాత్రి ఈ వాదానికి ఒక సాక్షి కావాలనిపించి, టీవీ కట్టేసి అమెరికా గాయని, పియానిస్టు నీనా సిమోన్‌ని పెట్టుకున్నాను.

'లిటిల్ గర్ల్ బ్లూ' ఆమె మొదటి ఆల్బమ్. 1957 చివర్లో న్యూయార్క్‌లో రికార్డు చేశారు, 1959లో బయటికి వచ్చింది. అందులో 'లవ్ మి ఆర్ లీవ్ మి' అనే పాట ఉంది. 1928 నాటి బ్రాడ్వే నాటకం పాట, అప్పటికే ఎందరో పాడి అరగదీసినది. డ్రమ్స్ మీద బ్రష్‌లు ఆడుతుంటాయి, బాస్ తన నడక తను నడుస్తుంటుంది, నీనా గొంతు కాస్త బరువుగా, తొందర లేకుండా సాగుతుంది. మధ్యలో గొంతు ఆగి పియానో ముందుకొస్తుంది. జాజ్ వాయించేవాళ్లు ఇక్కడ పాట వరసని పట్టుకుని తమ ఊహ కొద్దీ తిరుగుతారు. ఈమె అలా చెయ్యదు. కుడిచేత్తో చిన్న స్వరవరస ఒకటి ఎత్తుకుంటుంది. కాసేపటికి అదే పోలికలో ఎడమచేతి కింద ఇంకో వరస లేస్తుంది. మన కచేరీల్లో సవాల్ జవాబ్ వేరు, అక్కడ ఒకరు ఆగితే ఇంకొకరు అందుకుంటారు. ఇక్కడ ఎవరూ ఆగరు. రెండు చేతులూ ఒకేసారి మాట్లాడతాయి, అయినా ఎవరి మాట వాళ్లది స్పష్టంగా వినబడుతుంది. పద్దెనిమిదో శతాబ్దంలో జర్మనీ చర్చిల్లో బాఖ్ శిఖరానికి చేర్చిన విద్య అది. ఇంత జరుగుతున్నా కింద బాసూ డ్రమ్సూ ఏమీ ఎరగనట్టు జాజ్ నడకలోనే ఉంటాయి.

అదే ఆల్బమ్‌లో టైటిల్ పాట మొదట్లో క్రిస్మస్ పాట 'గుడ్ కింగ్ వెన్సెస్లస్' వరస వినిపిస్తుంది. ఒంటరి ఆడపిల్ల దిగులు గురించిన పాటకి పండగ పాట ఎందుకా అనుకునేలోపు, గొంతు తన పాట మొదలుపెడుతుంది. పియానో మాత్రం ఆ పండగ పాటను వదలదు. రెండు పాటలు పక్కపక్కనే నడిచి, ఎక్కడా ఒకదాని కాలు ఒకటి తొక్కవు.

చూశారా, బాఖ్ ముందు, మిగతావన్నీ తర్వాత అని నాలో నేను గెలిచేశాను.

పైపైన చూస్తే ఆమె కథ కూడా నా పక్షానే ఉంది. 1933 ఫిబ్రవరి 21న అమెరికాలో, నార్త్ కరోలినా రాష్ట్రంలోని ట్రయాన్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. అసలు పేరు యూనిస్ వేమన్, మన వేమనకు చుట్టం కాదు. ఎనిమిదిమంది సంతానంలో ఆరో పిల్ల. తల్లి మెథడిస్టు బోధకురాలు, తెల్లవాళ్ల ఇళ్లల్లో పనీ చేసేది. అలాంటి ఒక ఇంటి యజమానురాలు పిల్ల వాయించడం విని, మ్యూరియల్ మజనోవిచ్ అనే ఇంగ్లండు నుంచి వచ్చిన టీచరు దగ్గర పాఠాలు చెప్పించింది. నల్లపిల్ల రైలుపట్టాలు దాటి తెల్లవాళ్ల పేటకి పాఠానికి వెళ్లేది. టీచరు బాఖ్‌తోనే మొదలుపెట్టింది. తన జీవితం సంగీతానికి అంకితమైంది బాఖ్ వల్లేనని నీనా తర్వాత ఆత్మకథలో రాసుకుంది.

పన్నెండేళ్లప్పుడు ఊళ్లో కచేరీ పెట్టారు. అమ్మానాన్నా ముందు వరసలో కూర్చున్నారు. తెల్లవాళ్లకి చోటు కావాలని వాళ్లని వెనక్కి పంపారు. పిల్ల పియానో ముందు కూర్చుని, మా వాళ్లని ముందుకు తెచ్చేదాకా వాయించనంది. తెచ్చారు. అప్పుడు వాయించింది. తర్వాతి కాలంలో కచేరీ మధ్యలో ఎవరైనా మాట్లాడితే చేతులు ఆపేసి వాళ్లవైపే చూసే నీనా సిమోన్ అప్పటికే తయారైపోయిందన్నమాట.

ఊరివాళ్లు నిధి పోగుచేసి చదివించారు. 1950 వేసవిలో న్యూయార్క్‌లోని జూలియార్డ్‌లో సాధన. లక్ష్యం ఒక్కటే: ఫిలడెల్ఫియాలోని కర్టిస్ ఇన్‌స్టిట్యూట్‌లో సీటు, ఆ తర్వాత అమెరికాలో మొదటి నల్లజాతి మహిళా కచేరీ పియానిస్టు కావడం. 1951లో కర్టిస్ వాళ్లు తీసుకోలేదు. ఒంటి రంగు వల్లేనని ఆమె చివరిదాకా నమ్మింది. కాదని ఆ సంస్థవాళ్లు అన్నారు, తర్వాత ఆమెకు విడిగా పాఠాలు చెప్పిన అక్కడి ప్రొఫెసరు వ్లదిమిర్ సోకోలోఫ్ కూడా కాదనే అన్నాడు. ఆమె కోసం కుటుంబం అప్పటికే ఫిలడెల్ఫియాకి మకాం మార్చేసింది. ఇక బతుకుతెరువు చూసుకోవాలి. పిల్లలకు పాఠాలు చెప్పింది, పాట నేర్చుకునేవాళ్లకి పియానో వాయించింది. 1954 వేసవిలో అట్లాంటిక్ సిటీలో మిడ్‌టౌన్ బార్ అండ్ గ్రిల్‌లో వారానికి 90 డాలర్లకు కుదిరింది. మొదటి రాత్రి పియానో మాత్రమే వాయించింది. పాడితేనే ఉద్యోగం అన్నాడు యజమాని. అంతవరకూ పాటని వృత్తిగా అనుకోనే లేదు. తల్లికి తెలిస్తే సైతాను సంగీతం అంటుందని పేరు మార్చుకుంది. నీనా అనేది స్పానిష్ ముద్దుపేరు, సిమోన్ అనేది ఫ్రెంచి నటి సిమోన్ సిన్యోరే నుంచి తీసుకున్నది.

ఇక్కడ కాసేపు ఆమెని వదిలి మా పెద్ద మామయ్య దగ్గరికి వెళ్లాలి. పాత పాఠకులకి ఆయన తెలుసు. తెలియనివాళ్లకి చెబుతున్నాను: మామయ్యది లెగ్ హార్మోనియం. కాలితో తొక్కుతుంటే తిత్తికి గాలి అందుతుంది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. గుంటూరు జిల్లాలో పద్యనాటకం ఎక్కడ పడితే అక్కడికి ఆయన పెట్టె ప్రయాణం కట్టేది. నాటకాల హార్మోనిస్టు పని చూసేవాళ్లకి తేలిగ్గా కనిపిస్తుంది. కృష్ణుడి వేషగాడు మీసం దువ్వి ఆరు శ్రుతి అడుగుతాడు. మూడో అంకానికి గొంతు రాసుకుపోయి నాలుగున్నరకి దిగుతానని కంటితో సైగ చేస్తాడు. ఆ దిగడం జనానికి తెలియకూడదు. రాగాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, మధ్యలో ఒక మెరుపు మెరిపించి, ఎక్కడ దించాడో తెలియకుండా కింది మెట్టు మీద కూర్చోబెట్టేవాడు మామయ్య. ట్రాన్స్‌పోజ్ బటన్ మీద నా కోపానికి మూలం ఇదే.

నాటకాలు లేని రోజుల్లో పొద్దున్నే ఆడపిల్లలకి గీతాలు, స్వరజతులు చెప్పేవాడు. డిసెంబరు వచ్చిందంటే లూథరన్ చర్చివాళ్లు కబురుపెట్టేవారు. వాళ్ల హార్మోనియం మేస్టారు కాలం చేశాక ఆ పని మామయ్యకి వచ్చింది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం చూడని వాళ్లకి చెప్పాలి, అందులో పాట మీద రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి లాంటివాళ్లు యేసు మీద మన రాగాల్లోనే కీర్తనలు కట్టారు. కాబట్టి మామయ్యకి అక్కడ కొత్తగా నేర్చుకోవాల్సింది లేదని అందరూ అనుకున్నారు. ఆయన మాత్రం నేర్చుకున్నాడు. నాటకంలో జనం గాయకుడి కోసం ఆగుతారు. చర్చిలో సంఘమంతా కలిసి పాడుతుంది, సగంమందికి తాళం ఒకలా, సగంమందికి ఇంకోలా. వాళ్లని ఆపకుండా, అరవకుండా, పెట్టెతోనే ఒక దారికి తేవాలి. వెనక బల్ల మీద ముసలమ్మ ఊపిరి తీసుకునేదాకా చరణం మొదలుపెట్టకూడదు.

ఒక క్రిస్మస్ రాత్రి నేనూ పక్కన కూర్చున్నాను. రెండు చరణాల మధ్య మామయ్య చేతులు అలవాటుకొద్దీ మోహనలో జారి, కృష్ణుడు పద్యం ఎత్తుకునే ముందు వాయించే బిరుసు వరస ఒకటి పలికించేశాయి. పాస్టరు గారి కనుబొమ్మ లేచింది. పాట అయ్యాక ముందు వరసలో పెద్దావిడ దగ్గరకొచ్చి, "ఏమయ్యా, కృష్ణుణ్ణి కూడా పిలిచావా పండక్కి?" అంది. "రాయబారానికి వచ్చాడమ్మా, వెళ్లిపోతాడు" అన్నాడు మామయ్య. ఆవిడ పకపకా నవ్వింది. మరుసటేడు ఆ వరస రాకపోతే ఏదని అడిగింది.

మామయ్యకి ఏది మొదట వచ్చింది? నాటకమా, పాఠమా, చర్చా? ఆయన్ని అడిగితే "ఏరా, ఆకలి మొదట వచ్చింది" అనేవాడు.

ఈ సంగతి గుర్తొచ్చాక నా సాక్షిని ఇంకోసారి విచారించాల్సి వచ్చింది. యూనిస్ వేమన్‌కి బాఖ్ ముందు రాలేదు. పాఠాలకి వెళ్లకముందే, మూడు నాలుగేళ్ల వయసులోనే, ఇంట్లో వాద్యం మీద చర్చి పాటలు చెవితో విని పట్టేసింది. పెడల్స్‌కి కాళ్లందని వయసులో తల్లి ప్రార్థనలకి వాయించింది. నల్లవాళ్ల ఉజ్జీవ కూటాల్లో పియానో వాయించేవాళ్ల ముందు కాగితం ఉండదు. బోధకుడు గొంతు పెంచితే పెంచాలి, జనానికి పూనకం వస్తే అది దిగేదాకా అదే నాలుగు మెట్ల మీద తిరుగుతూ వేడి తగ్గకుండా చూడాలి. పాట ఎక్కడ ముగుస్తుందో పాటకే తెలియదు. పైగా తండ్రి పడుచుతనంలో స్టేజీ మీద ఆడిపాడినవాడు. తల్లి ఇంట్లో లేనప్పుడు లౌకికం పాటలూ నడిచేవి. అంటే రైలుపట్టాలు దాటి బాఖ్ దగ్గరికి వెళ్లేనాటికే ఆ పిల్ల చేతుల్లో రెండు సంగీతాలు ఉన్నాయి.

1965లో వచ్చిన 'సిన్నర్‌మ్యాన్' వినండి. పది నిమిషాలకు పైగా నడుస్తుంది. తీర్పు దినాన పాపి ఎక్కడికి పరుగెత్తినా ఆశ్రయం దొరకని కథ, చిన్నప్పుడు తల్లి కూటాల్లో విన్నది. మధ్యలో గొంతు పోతుంది, వాద్యాలు పోతాయి, చప్పట్లు మాత్రం మిగులుతాయి. వాటిలోకి పియానో మళ్లీ వస్తుంది, ముందు గొణుగుతూ, తర్వాత గుద్దుతూ. అన్నిటినీ తీసేసి ఖాళీలో జనాన్ని నిలబెట్టే ధైర్యం బాఖ్ పాఠంలో దొరకదు, కూటంలో దొరుకుతుంది. ఆ ఖాళీలోంచి ఏ గీత ఎక్కడ లేవాలో తెలియడానికి మళ్లీ బాఖే కావాలి. 1971లో ఫోర్ట్ డిక్స్ సైనిక శిబిరంలో నల్లజాతి సైనికుల ముందు, చర్చి పిల్లల బృందాన్ని వెంటబెట్టుకుని జార్జ్ హారిసన్ 'మై స్వీట్ లార్డ్' పాడినప్పుడు అదీ ఒక ఉజ్జీవ కూటమైపోయింది.

ఇక మిడ్‌టౌన్ బారు. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము నాలుగు దాకా, గంటకి పావుగంట విరామం. వినేవాళ్లు తాగినవాళ్లు, ఆమె తాగింది పాలు. కచేరీకి వేసుకునే గౌను తొడుక్కుని వచ్చి, కళ్లు మూసుకుని, తనకు వచ్చినవన్నీ కలిపి వాయించింది. బాఖ్ వరసలో సినిమా పాట, దాని మీదుగా చర్చి పాట, ఒక్కో పాట ఎంతసేపైనా. అట్లాంటిక్ సిటీ కాలేజీ కుర్రాళ్లు ఆమె కోసమే రావడం మొదలుపెట్టి, అల్లరి చేసేవాళ్లని వాళ్లే కసిరేవాళ్లు. ఆ వేసవిలో అక్కడ తయారైన కలగలుపునే మనం మూడేళ్ల తర్వాత రికార్డు మీద వింటున్నాం. ముందు ఒక్కటి నేర్చుకోలేదు ఆమె. మూడు చోట్ల, మూడు రకాల చెవుల ముందు, ఒక్కోచోటా గంటల తరబడి కూర్చుంది. చర్చిలో పొరపాటు చేస్తే ప్రార్థన చెదురుతుంది, టీచరు ముందు చేస్తే వేళ్లు మళ్లీ మొదటినుంచి మొదలెట్టాలి, బారులో చేస్తే జీతం పోతుంది. ఏది ముందు, ఏది వెనక అన్నది నాలాంటివాళ్లు వరస కుదరడం కోసం పెట్టుకున్న లెక్క. గంటలు మాత్రం తప్పవు. ఒకటిన్నర నిమిషం రౌండుతో నా తగువు అక్కడిదాకా నిలుస్తుంది. 'ముందు ఒక్కటి' అన్న మాట నిలవదు.

కాలమ్ ఇక్కడితో ఆపేస్తే ఒక నీతి చేతికొస్తుంది. కర్టిస్ తలుపు మూసింది కాబట్టే నీనా సిమోన్ పుట్టింది, దెబ్బలు తింటేనే కళ పండుతుంది, వగైరా. మనవాళ్లకి ఈ నీతి మహా ఇష్టం. సన్మాన సభల్లో శాలువా కప్పేటప్పుడు సగం ఉపన్యాసాలు దీని మీదే నడుస్తాయి. నాకు మింగుడుపడదు.

ఎందుకంటే ఆమె దీన్ని విజయంగా చూసుకోలేదు. జాజ్ గాయని అంటే ఒళ్లు మండేది, నల్లవాళ్ల సంగీతానికి తెల్లవాళ్లు అతికించిన చీటీ అది అనేది. తాను పాడిన 'పోర్గీ' పాట హిట్టయ్యాక జాజ్ గాయని బిల్లీ హాలిడేతో పోలిస్తే కోపగించుకుంది. తాను వాయించేది నల్లవాళ్ల శాస్త్రీయ సంగీతమని చెప్పుకుంది. 1963 ఏప్రిల్ 12న కార్నెగీ హాల్‌లో కచేరీ. ఎంతటివాళ్లకైనా కల అది. కార్నెగీకి చేరాను గానీ వాయించేది బాఖ్ కాదు అని అమ్మానాన్నలకు రాసింది. అదే రోజు బర్మింగ్‌హామ్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ని అరెస్టు చేశారు. సెప్టెంబరులో ఆ ఊళ్లోనే చర్చిలో బాంబు పెట్టి నలుగురు ఆడపిల్లల్ని చంపారు. గంట తిరక్కుండా 'మిసిసిపీ గాడ్‌డ్యామ్' రాసింది. ఆ పాట నాటకాల హుషారు నడకలో ఉంటుంది, మాటలు నిప్పులు కక్కుతుంటాయి. అక్కణ్ణుంచి ఉద్యమం ఆమె నాలుగో సంగీతమైంది, దాని ఖర్చూ ఆమే కట్టింది.

డబ్బు సంగతి అంతకన్నా చేదు. ఆ మొదటి ఆల్బమ్ హక్కుల్ని 3,000 డాలర్లకు రాసిచ్చేసింది. 1987లో షనెల్ అత్తరు ప్రకటనలో వాడుకున్నాక అందులోని 'మై బేబీ జస్ట్ కేర్స్ ఫర్ మి' బ్రిటన్‌లో టాప్ ఫైవ్‌లోకి వెళ్లింది. అన్నేళ్లలో చేతికి రాకుండా పోయింది లక్షల డాలర్లని ఆమె బాధ.

కర్టిస్‌లో సీటు వచ్చి ఉంటే కథ సుఖాంతమయ్యేదా? జార్జ్ వాకర్‌ని చూడండి. ఆయన నల్లవాడు, కర్టిస్‌లోనే చదివి 1945లో పట్టా పుచ్చుకున్నాడు, అదే ఏడు ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాతో రాఖ్మానినోఫ్ మూడో కాన్సర్టో వాయించాడు. అయినా నల్ల పియానిస్టుకి కచేరీలు ఇప్పించడం కష్టమని మేనేజర్లు చేతులెత్తేశారు. స్వరకర్తగా మారి, 1996లో పులిట్జర్ అందుకునేనాటికి ఆయనకు డెబ్భై దాటింది. లోపలికి రానిచ్చాక కూడా కుర్చీ వేయని రోజులవి.

మామయ్యకీ ఒకే ఒక్క కోరిక ఉండేది, రేడియోలో హార్మోనియం వాయించాలని. 1940లో మొదలైన నిషేధం వల్ల ఆ రోజుల్లో రేడియోలో ఆ పెట్టెకి చోటు లేదు. 1970ల్లో ఆంక్ష సడలేసరికి ఆయన కీళ్లు బిగిసిపోయాయి. నాటకం, పాఠం, చర్చి, మూడూ బాగా చేశాడు, మేమంతా మెచ్చుకున్నాం. ఏ ఒక్కదాంతోనూ ఇల్లు గడవక మూడూ పట్టుకున్నాడన్నది మెప్పులో కొట్టుకుపోయింది.

నీనా సిమోన్ 2003 ఏప్రిల్ 21న ఫ్రాన్స్‌లో కన్నుమూసింది. రెండు రోజుల ముందు కర్టిస్ ఇన్‌స్టిట్యూట్ గౌరవ పట్టా ఇచ్చినట్టు కబురందింది. దాన్ని కమ్మని ముగింపుగా రాసుకున్నవాళ్లు ఉన్నారు. యాభై రెండేళ్లు ఆలస్యమైన సీటుని నేను అలా రాయలేను.

నన్నడిగితే 1951లో ఆమెని చేర్చుకుని ఉండాల్సింది. చేరి ఉంటే ఈ రికార్డులు నాకు దక్కేవి కాకపోవచ్చు, ఈ కాలమూ ఉండేది కాదు. ఫర్వాలేదు. వినేవాడికి వచ్చిన లాభాన్ని చూపించి వాయించినామెకి జరిగిన నష్టాన్ని కొట్టేయకూడదు. బాఖ్ ఒక్కటే వాయించుకుంటూ బతుకుతానన్న మనిషికి ముందు ఆ ఒక్కటీ దక్కనివ్వాలి. ఆ తర్వాత బారుకి వెళ్తుందో, చర్చికి వెళ్తుందో, రెండూ కలిపి పాడుతుందో ఆమె ఇష్టం.